రాత్రంతా తెరిచి ఉండే కిటికీ: పల్నాడు ఎండకి ఒక విద్యార్థినుల హాస్టల్ డిజైన్

ఎండల్లో హాస్టల్ గది ఎలా ఉందో తెలుసుకోవాలంటే మధ్యాహ్నం రెండు గంటలకి వెళ్లి చూసి లాభం లేదు. ఆ వేళకి పిల్లలు కాలేజీలో ఉంటారు. వెళ్లాల్సింది రాత్రి పదకొండుకి. బయట గాలి చల్లబడుతూ ఉంటుంది, లోపల స్లాబు ఇంకా కాగుతూనే ఉంటుంది, కిటికీలన్నీ మూసి ఉంటాయి. ఎందుకు మూశారని అడిగితే దోమలు, కోతులు, పాములు, వాన జల్లు, రోడ్డు మీద మనుషులు, డ్రైనేజీ వాసన, వార్డెన్ ఆర్డరు అంటారు. ఒక్కో గదిలో ఒక్కో జవాబు వస్తుంది. ఆ జవాబులే ఈ డిజైన్‌కి బ్రీఫ్, అంటే తీర్చాల్సిన అవసరాల జాబితా. వాటిలో ఏ ఒక్కటి తీర్చకుండా వదిలేసినా కిటికీ మూతపడుతుంది. అది మూతపడితే మిగతా ఖర్చులో సగం వృథా.

కేసు వివరాలివి. స్థలం పల్నాడు జిల్లా, రెంటచింతల వైపు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో ఏటా కనబడే ఊరది. నేల నల్లరేగడి. కట్టాల్సింది ఇంటర్, డిగ్రీ చదివే 96 మంది అమ్మాయిలకి రెండంతస్తుల బ్లాకు: మొత్తం 12 గదులు, గదికి ఎనిమిది మంది. పక్కనే మధ్యలో కారిడారు, రెండు వైపులా గదులున్న పాత బ్లాకు ఒకటుంది. దానికి చేయాల్సిన మరమ్మతులు చివర్లో ఉన్నాయి. కింద ఇచ్చిన వేడి, గాలి అంకెలు లెక్క కట్టినవి, కట్టాక కొలిచినవి కావు. కొలిచే పద్ధతి కూడా చివర్లోనే ఉంది.

'మేలో సెలవులే కదా, ఇంత అవసరమా' అని కమిటీలో ఒకరైనా అడుగుతారు. స్కూలు పిల్లలకి ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు ఉంటాయి, నిజమే. కాలేజీ హాస్టళ్లు అలా ఖాళీ కావు. సప్లిమెంటరీ పరీక్షలు, ఎంట్రన్స్‌లు, కోచింగ్‌లు అన్నీ ఆ రోజుల్లోనే. పైగా మార్చి రెండో సగం, ఏప్రిల్, రుతుపవనాలు ఇంకా రాని జూన్ మొదటి భాగం కూడా ఎండలే. డిజైన్‌కి ఏప్రిల్ రాత్రినే తీసుకున్నాం.

దిక్కులు, ఎండ లెక్క

అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. విషువత్తుల నాడు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో, మధ్యాహ్నం సూర్యుడు 73.5 డిగ్రీల ఎత్తులో దక్షిణాన ఉంటాడు, డిసెంబరు చివర్లో 50 డిగ్రీలకి దిగుతాడు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. 'ఉత్తరం కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదు' అనే మాట ఢిల్లీ పుస్తకాల్లోది, ఇక్కడ చెల్లదు. ఉదయం ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి ఆ మూడు నెలలూ ఉత్తరం గోడ మీద ఎండ పడుతుంది.

అందుకే బ్లాకుని తూర్పు పడమరలుగా పొడుగ్గా పెట్టి, గదుల్ని ఒకే వరసలో ఉంచాం. దక్షిణాన కిటికీలు, ఉత్తరాన రెండు మీటర్ల వరండా. ఉత్తరపు ఎండని వరండా ఆపుతుంది. దక్షిణం కిటికీ ఎత్తు మీటరున్నర, దాని మీద 15 సెంటీమీటర్ల పైన 60 సెంటీమీటర్ల సన్‌షేడ్. విషువత్తు మధ్యాహ్నం దీని నీడ రెండు మీటర్లు కిందికి దిగుతుంది, అంటే కిటికీ పూర్తిగా నీడలో ఉంటుంది. డిసెంబరులో నీడ 70 సెంటీమీటర్లే కాబట్టి కిటికీ కింది భాగం నుంచి ఎండ లోపలికొస్తుంది. చలికాలం పొద్దున అది కావలసిందే. సన్‌షేడ్ కిటికీ కన్నా అటూ ఇటూ 30 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. సరిగ్గా కిటికీ వెడల్పే పోస్తే పదింటి ఎండా, మూడింటి ఎండా పక్కనుంచి దూరతాయి.

పడమర ఎండ వాలుగా వస్తుంది కాబట్టి దానికి ఏ సన్‌షేడూ పనికిరాదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ వేడిని ఆరేడు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ఎండ లోపలి ముఖానికి చేరేది రాత్రి పది, పదకొండుకి, సరిగ్గా పడుకునే వేళకి. పడమటి గది పిల్లలు వరండాలోకి చాపలు ఈడ్చుకోవడానికి కారణం ఇదే. అందుకని పడమటి చివర గది పెట్టలేదు. అక్కడ మూడు మీటర్ల వెడల్పున ఒక మెట్ల వరస, పెట్టెలు దాచుకునే స్టోరు వచ్చాయి. రెండో మెట్ల వరస తూర్పు చివర. వరండాలో ఎక్కడి నుంచైనా ఏదో ఒక మెట్లకి ఇరవై మీటర్ల లోపే. జాతీయ భవన నిర్మాణ నియమావళి (ఎన్‌బీసీ) ఒప్పుకునే 30 మీటర్ల కన్నా ఇది బాగా తక్కువ.

పైకప్పు

ముందుగా డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. బయట గాలి 43 డిగ్రీలు ఉండి, చదరపు మీటరుకి 950 వాట్ల ఎండ పడుతుంటే, మామూలు సిమెంటు రంగు డాబా మీద ఎండా గాలీ కలిసి చూపే ప్రభావం సుమారు 69 డిగ్రీల గాలితో సమానం. అదే డాబా తెల్లగా ఉంటే 50 డిగ్రీలు. అయిదంగుళాల స్లాబు యూ విలువ, అంటే పైనా కిందా ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు గుండా దాటే వేడి, సుమారు 3.4 వాట్లు. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి నివాస భవనాల పైకప్పుకి అది 1.2 దాటకూడదంటుంది. 30 చదరపు మీటర్ల పై అంతస్తు గదిలో గాలి 36 డిగ్రీలుందనుకుంటే, గరిష్ఠ ఎండ వేళ పైకప్పు గుండా దిగే వేడి ఇలా ఉంటుంది. ఏమీ చేయని స్లాబు అయితే 3.4 కిలోవాట్లు. తెల్లరంగు ఒక్కటే వేస్తే 1.4 కిలోవాట్లు. తెల్లరంగు లేకుండా 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు ప్లాస్టిక్) పలకలు వేస్తే 560 వాట్లు. రెండూ కలిపితే 240 వాట్లు. ఇది స్థిర లెక్క. స్లాబు వేడిని దాచుకుని ఆలస్యంగా వదిలే తంతు ఇందులో లేదు. అయినా ఏది ముందు, ఏది తరవాత అన్నది దీనితోనే తేలిపోతుంది.

పొరల వరస కింది నుంచి పైకి: 125 మిల్లీమీటర్ల స్లాబు, వందకి ఒకటి వాలుతో స్క్రీడ్ (సిమెంటు పొర), వాటర్‌ప్రూఫింగ్, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, వెల్డ్ మెష్‌తో 50 మిల్లీమీటర్ల కాంక్రీటు, చివరగా తెల్ల పింగాణీ ముక్కలు. వాటర్‌ప్రూఫింగ్ పలకల కిందే ఉండాలి, అప్పుడే దానికి ఎండ తగలదు, పగలదు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక పలకలు పరవక ముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. చాలా పనుల్లో ఈ పరీక్షని కాంక్రీటు పోశాక చేస్తారు. అప్పుడు ఎక్కడ కారుతుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇన్సులేషన్ స్లాబు పైన వేయాలా, కింద ఫాల్స్ సీలింగ్‌గా వేయాలా అన్న వాదన ప్రతిసారీ వస్తుంది. కింద వేస్తే చవక, త్వరగా అయిపోతుంది. కానీ స్లాబు పగలంతా కాగుతూ, రాత్రికి ఆరుతూ వ్యాకోచ సంకోచాలకి బీటలు వారుతుంది. సీలింగ్ సందులో ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు. గది ఎత్తు కూడా తగ్గుతుంది. హాస్టల్‌కి కింది ఇన్సులేషన్ వద్దు. పలకలు పరిచి, పైన బరువేమీ లేకుండా రంగు మాత్రం కొట్టి వదిలేయడం ఇంకో తప్పు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను గాలికి అలాంటి పలక పైన నిలవదు.

డాబా మొత్తం సుమారు 300 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల వానకి నాలుగంగుళాల గొట్టం ఒకటి 42.7 చదరపు మీటర్ల డాబా నీటిని దించుతుందని ఎన్‌బీసీ పట్టిక. అంటే ఎనిమిది గొట్టాలు కావాలి. ఈ సైజు భవనాలకి మామూలుగా వేసేవి మూడో నాలుగో. మిగతా నీళ్లు డాబా మీద గంటల తరబడి నిలిచి, తెల్లటి పైపొర మీద నాచు కడతాయి, మరుసటి ఎండాకాలానికి ఆ తెలుపు సగం పోతుంది. గొట్టం మూతి దగ్గర గుండ్రటి జాలీ ఉండాలి. బల్లపరుపు జాలీ మీద ఒక్క వేపాకు పొర చాలు నీళ్లు ఆగడానికి.

కిటికీ

గది కొలత 6 × 5 మీటర్లు, ఎత్తు 3.3. దక్షిణాన 1.2 × 1.5 మీటర్ల కిటికీలు రెండు. వరండా వైపు 1.2 × 0.9 మీటర్లవి రెండు. కలిపి 5.76 చదరపు మీటర్లు, నేల విస్తీర్ణంలో 19 శాతం. ఉక్కపోత ప్రాంతాలకి ఎకో నివాస్ సంహిత అడిగేది ఆరో వంతు, అంటే దాదాపు 17 శాతం. ఆ లెక్క తెరుచుకునే భాగానిదే, అద్దం ఉన్న భాగమంతటిదీ కాదు. ఇప్పుడు ఎక్కడ చూసినా పెడుతున్న యూపీవీసీ స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. టెండరులో 'స్లైడింగ్' అన్న ఒక్క పదం పడితే డ్రాయింగులో ఉన్న 19 శాతం కాస్తా తొమ్మిదిన్నర అయిపోతుంది. అందుకని రెక్కలు బయటికి తెరుచుకునే పాత పద్ధతి కిటికీలే పెట్టించాలి. ప్రతి రెక్కకీ గాలి కొక్కెం ఉండాలి. కొక్కెం లేని రెక్క రెండు రాత్రులు టపటప కొట్టుకుంటుంది, మూడో రాత్రి ఎవరో గడియ పెట్టేస్తారు.

గాలి ఎంత వస్తుందో చూద్దాం. రాత్రి గాలి సెకనుకి అర మీటరు వేగంతో, వాలుగా వస్తోందనుకుందాం. చిన్న కిటికీల వైపు 2.16 చదరపు మీటర్లు తెరిచి ఉంటే సెకనుకి సుమారు 0.32 ఘనపు మీటర్లు, అంటే గంటకి పన్నెండు సార్లకి దగ్గరగా గది గాలి మారుతుంది. దోమతెర మెష్ వేస్తే అది ఆరు సార్లకి పడుతుంది. స్లైడింగ్, మెష్ రెండూ ఉంటే మూడే. ఎనిమిది మందికి ఊపిరి కోసం కావలసిందే ఆ మూడు: 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివాసేతర భవనాలకి చెప్పిన మనిషికి సెకనుకి 10 లీటర్ల లెక్కని ఈ గదికి వేస్తే గంటకి 288 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే స్లైడింగ్ కిటికీ గదిలో గాలి ఊపిరికే సరిపోతుంది, గోడల వేడిని మోసుకుపోవడానికి మిగలదు. ఇక కిటికీలన్నీ మూస్తే, నిద్రపోతున్న మనిషి గంటకి వదిలే పన్నెండు లీటర్ల చొప్పున, ఈ గదిలో కార్బన్ డయాక్సైడ్ గంటకి దాదాపు వెయ్యి పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) పెరుగుతుంది. సందుల్లోంచి కారే గాలి ఆ వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, అంతే. పొద్దున్నే తలనొప్పి, క్లాసులో కునుకు అన్న ఫిర్యాదులకి ముందు ఈ లెక్క వేసుకోవాలి. క్షయ లాంటి గాలి ద్వారా వ్యాపించే జబ్బు ఒకరికుంటే మిగతా ఏడుగురికి అంటే అవకాశం కూడా ఈ గాలి మార్పు మీదే ఆధారపడుతుంది.

ఇక కిటికీని మూయించే కారణాలు ఒక్కొక్కటే.

దోమలు. మెష్ తప్పదు. కానీ ఏ మెష్ అన్నది గాలిని నిర్ణయిస్తుంది. అంగుళానికి పద్నాలుగు కన్నాలున్నది దోమని ఆపుతుంది. ముప్పై ఉన్నది దోమతో పాటు గాలినీ ఆపేస్తుంది. ప్లాస్టిక్ మెష్‌ని ఎలుకలు కొరుకుతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ 304 తీగది పెట్టాలి. మెష్‌ని కిటికీ చట్రానికి అంటించి బిగించకుండా, గ్రిల్‌కి బయట 30 సెంటీమీటర్లు ముందుకొచ్చిన పెట్టెలా చేస్తే మెష్ విస్తీర్ణం పెరిగి గాలి నష్టం తగ్గుతుంది. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి ఆ పెట్టె ఎలాగూ కావాలి. ఒక్కో రెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు మించకుండా నాలుగు మడత రెక్కలు చేయించాలి. చట్రం నాలుగు బోల్టులు విప్పితే చేతికొచ్చేలా ఉండాలి. ఇక్కడి దుమ్ముకి ఆర్నెల్లలో కన్నాలు పూడిపోతాయి.

కోతులు. గ్రిల్ ఊచల మధ్య సందు 10 సెంటీమీటర్లు మించకూడదు. అయితే ప్రతి గదిలోనూ ఒక కిటికీ గ్రిల్ తలుపులా లోపల్నుంచి తెరుచుకోవాలి, దాని గడియ తాళంచెవి లేకుండా తీయగలిగేది కావాలి. రాత్రి కొలాప్సిబుల్ గేటుకి తాళం పడే హాస్టల్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే బయటికొచ్చే దారి అదొక్కటే. ఈ సంగతి భద్రత పేరుతో అన్నీ బిగించేవాళ్లకి చెప్పి ఒప్పించాల్సి వస్తుంది. ఒప్పించాల్సిందే. గేట్ల విషయంలోనూ అంతే. రెండు మెట్ల దగ్గరా లోపలి గడియలే ఉండాలి.

పాములు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. కాటు నొప్పి తెలియక నిద్రలోనే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఈ ప్రాంతంలో మంచం సౌకర్యం కింద కాదు, వైద్య పరికరం కిందే లెక్క. తలుపు కింద సందు ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. బయటికి వెళ్లే ప్రతి గొట్టం చివరా జాలీ ఉండాలి. గోడకి మీటరు దూరం దాకా గడ్డి, రాళ్లు, కట్టెలు ఉండకూడదు.

వాన. కిటికీని ఎత్తులో రెండుగా విడదీశాం. కింద 1.1 మీటర్లు రెక్కలు, పైన 40 సెంటీమీటర్లు ఎప్పుడూ తెరిచే ఉండే వాలు పలకలు, వాటి వెనక మెష్. జల్లు కొట్టినప్పుడు కింది రెక్కలు మూసినా పైభాగం ఊపిరికి సరిపడా గాలిని వదులుతూనే ఉంటుంది.

చూపులు. వరండాలో అటూ ఇటూ తిరిగేవాళ్లకి గది లోపల కనబడితే పిల్లలు కిటికీకి చున్నీలో, న్యూస్ పేపర్లో కట్టేస్తారు. అందుకని వరండా వైపు కిటికీ అడుగుని మీటరున్నర ఎత్తున పెట్టాం, పై అంచు 2.4 మీటర్లకి వస్తుంది. దక్షిణం కిటికీ అడుగు మాత్రం 60 సెంటీమీటర్లే, పడుకున్న మనిషి ఒంటి మీదుగా గాలి పోవాలని. కింది నుంచి వచ్చి పైనుంచి పోయే ఈ ఏర్పాటు వేడి గాలిని కూడా లాగేస్తుంది. రోడ్డు వైపు చూపుకి ఎత్తైన గోడ కట్టేస్తే గాలి కూడా పోతుంది. కానుగ, వేప చెట్ల వరస చాలు. నల్లరేగడిలో చెట్టు వేళ్లు తేమ లాగి పునాదిని కుంగదీస్తాయి కాబట్టి భవనానికి ఎనిమిది మీటర్లకి తగ్గకుండా నాటాలి.

తడి బట్టలు. ఆరేసుకునే చోటు లేకపోతే కిటికీ గ్రిల్లే దండెం అవుతుంది. మనిషికి రెండు మీటర్ల చొప్పున దాదాపు 190 మీటర్ల తీగ, ఎండ పడే చోట, బయటివాళ్ల కంట పడకుండా. నెలసరి బట్టలు వాడే పిల్లలు వాటిని ఎండలో ఆరేయగలగాలి. చీకటి మూల ఆరిన బట్ట ఇన్‌ఫెక్షన్‌కి మూలం. ఇది డ్రాయింగులో మొదటి నుంచీ లేకపోతే తరవాత ఎవరూ కట్టరు.

మంచాలు, ఫ్యాన్లు

30 చదరపు మీటర్లకి ఎనిమిది మంది అంటే మనిషికి 3.75. విపత్తు శిబిరాలకి స్ఫియర్ ప్రమాణం చెప్పే కనీసం 3.5. శిబిరం కన్నా పావు చదరపు మీటరు ఎక్కువ ఇచ్చి దాన్ని ఉదారం అనుకోనక్కర్లేదు. ఇంతకన్నా తగ్గించమని ఒత్తిడి వస్తే మాత్రం ఈ అంకె చూపించాలి. నాలుగేసి మంచాలు రెండు వరసలు, మధ్య 60 సెంటీమీటర్ల సందు, ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా. పై అంతస్తులో బంకర్ మంచాలు వద్దు. స్లాబు కింద నిలిచే వేడి గాలి పొరలో పై మంచం మనిషి పడుకుంటుంది, సీలింగ్ ఫ్యాను రెక్క ఆమె చేతికందే దూరంలో ఉంటుంది.

గదికి నాలుగు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాన్లు. మొత్తం 48 ఫ్యాన్లు, ఒక్కోటి 30 వాట్లు, కలిపి 1.44 కిలోవాట్లు. మామూలు 75 వాట్లవైతే 3.6 కిలోవాట్లు. కరెంటు పోయిన రాత్రి ఎనిమిది గంటలు నడపడానికి మొదటిదానికి పదకొండున్నర యూనిట్లు చాలు, రెండోదానికి దాదాపు 29 కావాలి. బ్యాటరీ ఖర్చులో తేడా ఫ్యాన్ల ధర తేడాని మించిపోతుంది. డాబా మీద 5 కిలోవాట్ల సోలారు రోజుకి సుమారు 20 యూనిట్లు ఇస్తుంది. పలకల్ని రెండు మీటర్ల ఎత్తున నిలబెడితే కింద డాబాకి నీడ కూడా వస్తుంది, కాకపోతే స్తంభాల్ని గాలి పైకి లాగే బలానికి భారత ప్రమాణం (ఐఎస్) 875 మూడో భాగం ప్రకారం లెక్క కట్టి స్లాబు బీములకే బిగించాలి.

గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడి చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికా ఇదే. ఆ గంటలకి ఒక చల్లటి గది కావాలి: కింది అంతస్తు స్టడీ హాలుకి పెద్ద ఎయిర్ కూలర్లు. 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీళ్లు ఆవిరై గాలి చల్లబడగల హద్దు, 25 చుట్టూ ఉంటుంది, మంచి ప్యాడ్ ఉన్న కూలరు 30 డిగ్రీల గాలినిస్తుంది. ఎదురుగా కిటికీలు తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే అరగంటలో ఉక్క మొదలవుతుంది, 'కూలరు పనిచేయడం లేదు' అని కంప్లయింట్ వస్తుంది. కూలరు తొట్టి డెంగీ దోమకి పుట్టిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టిని ఖాళీ చేసి, రుద్ది, ఎండబెట్టాలి. శుక్రవారం డ్రై డే ఎలాగూ అందరికీ తెలిసిందే, అదే రోజు పెట్టుకోవచ్చు.

నీళ్లు, మరుగుదొడ్లు, నల్లరేగడి

ఐఎస్ 1172 ప్రకారం హాస్టల్‌లో మనిషికి రోజుకి 135 లీటర్లు, అంటే 96 మందికి దాదాపు 13,000 లీటర్లు. ఒక రోజు నీళ్లు పైన, రెండు రోజులవి కింద సంపులో. నల్ల ప్లాస్టిక్ ట్యాంకుల్ని ఎండలో పెడితే సాయంత్రానికి స్నానం చేయలేనంత కాగుతాయి. పైన రేకు నీడ, గొట్టాలకి తొడుగు, ట్యాంకుకి తెల్లరంగు వేయాలి. పల్నాడు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే చోట్లున్నాయి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఐఎస్ 10500 ఒప్పుకుంటుంది. బోరు వేసిన రోజునా, ఆ తరవాత ఏటా వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడూ పరీక్ష చేయించాలి. వర్షాకాలం శాంపిల్ చూపించి సరిపెట్టడం మామూలు.

అమ్మాయిలకి ఎన్‌బీసీ లెక్క ఆరుగురికి ఒక మరుగుదొడ్డి, మొత్తం 16. ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. ఎండని ఆపుతాయని పడమటి చివర పెట్టమని వాతావరణ డిజైన్ పుస్తకాలు చెబుతాయి. నైరుతి గాలి వీచే నాలుగు నెలలూ ఆ వాసన వరండా పొడుగునా పాకుతుంది, కిటికీలు మూతపడతాయి. అందుకే వాటిని వాయవ్యం మూల, మూడు మీటర్ల ఖాళీ వదిలి, పైకప్పున్న చిన్న వంతెనతో కలిపాం. నైరుతి గాలి వాసనని బ్లాకు మీదికి కాకుండా ఉత్తరపు ఖాళీ స్థలం మీదుగా తీసుకుపోతుంది. వాస్తు చూసేవాళ్లూ వాయవ్యమే అంటారు కాబట్టి ఈ ఒక్క విషయంలో కమిటీ పని తేలికైంది.

ఖాళీ వదలడానికి ఇంకో కారణం నేల. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. మరుగుదొడ్లు గదులకి అతికి ఉంటే ఒక్క గొట్టం లీకు చాలు, ఆ మూల పైకి లేచి గోడలు ఐమూలగా చీలతాయి. పునాదికి కనీసం మూడున్నర మీటర్ల లోతు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు), ప్లింత్ బీము కింద నేలకి తగలకుండా ఖాళీ, చుట్టూ మీటరున్నర వెడల్పున ఆప్రాన్ (గోడ పక్కన నీళ్లు ఇంకకుండా వేసే గచ్చు). ఇంకుడు గుంత ఈ మట్టిలో ఇంకదు, రెండో నెలకే పొంగుతుంది. స్నానాల నీళ్లని సిమెంటు కాలవలో పెరటి మొక్కలకీ, అరటికీ తీసుకెళ్లడం నయం. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి జాలీ కట్టడం పది నిమిషాల పని. అది మరిచిపోతే మెష్‌ల మీద పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క గొట్టం నుంచి వచ్చే దోమలతో సరి.

పాత బ్లాకు

డబ్బు తక్కువ, కూల్చే వీల్లేదు. అప్పుడు వరస ఇది. మొదటిది డాబాకి సున్నం. పిడుగురాళ్ల బట్టీలు పక్కనే, సున్నానికి ఎక్కడికో పోనక్కర్లేదు. తడపని సున్నం కిలోకి అయిదు లీటర్ల నీళ్లు పోసి, 24 గంటలు ఉంచి, ముతక గుడ్డలో వడగట్టాలి. వెయ్యి లీటర్ల సున్నపు తేటకి నాలుగు కిలోల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. అంటే 50 కిలోల సున్నానికి 250 లీటర్ల నీళ్లు, కిలో బంక. డాబా ఊడ్చి, కడిగి, నాచు గోకి, తడి ఆరాక పలచగా మూడు పూతలు, ఒకదానికొకటి అడ్డంగా. చిక్కగా ఒకే పూత వేస్తే పొలుసులుగా లేస్తుంది. వానలకి ఎలాగూ పోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేయాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక హైదరాబాద్ మార్కెట్లో తయారు కోటింగులు చాలా వచ్చాయి. అవి ఎక్కువ కాలం ఆగుతాయి. కానీ దుమ్ము పట్టిన ఖరీదైన కోటింగు కన్నా ఏటా కొట్టిన సున్నమే తెల్లగా ఉంటుంది. పాత స్లాబు మీద కాంక్రీటు పొర మాత్రం ఇంజనీరు చూడకుండా వేయొద్దు. 50 మిల్లీమీటర్లు అంటే చదరపు మీటరుకి 120 కిలోల బరువు.

రెండోది, మధ్య కారిడారు. రెండు వైపులా గదులున్నప్పుడు గాలి అడ్డంగా పోవడానికి దారి లేదు. ప్రతి గది కారిడారు గోడలోనూ తలుపు లింటెల్ పైన, బీము కింద ఎంత ఎత్తు దొరికితే అంత ఎత్తు వెంటిలేటరు తెరిచి, ఎదురుగది వెంటిలేటరుకి సూటిగా ఉండేలా పెట్టాలి. అవతలి గది మాటలు వినబడతాయని ఫిర్యాదు వస్తుంది, వాలు పలకలతో కొంత తగ్గుతుంది. కారిడారు రెండు చివరలూ కిటికీగానో జాలీ గోడగానో తెరవాలి. సామాను పెట్టి మూసేసిన చివరలే ఎక్కువ కనబడతాయి. మూడోది మెష్, గాలి కొక్కేలు. నాలుగోది పడమటి గదిని స్టోరుగా మార్చి, ఆ మంచాల్ని వేరే చోట సర్దడం. అయిదోది భోజనశాల రేకులు. వాటి అంచులు, మూలల దగ్గర గాలి లాగుడు మధ్య భాగం కన్నా చాలా ఎక్కువ, అందుకని అక్కడ రేకుల్ని పట్టి ఉంచే జె బోల్టులు మధ్య భాగం కన్నా రెట్టింపు దగ్గరగా వేయాలి.

అప్పగించుకునే ముందు

ఒక అగరుబత్తి వెలిగించి దక్షిణం కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ గది మధ్య నుంచి వరండా కిటికీకి పోవాలి. అక్కడే తిరుగుతుంటే ఎక్కడో దారి మూసుకుంది. చవకరకం థర్మామీటర్లు నాలుగు కొని, ఒకటి బయట నీడలో, మిగతావి పడమటి మెట్లకి పక్కన ఉన్న గది, మధ్య గది, కింది అంతస్తు గదుల్లో మంచం ఎత్తున కట్టాలి. గోడకి తాకకూడదు. రాత్రి పది, రెండు, తెల్లవారుజామున అయిదు గంటలకి వారం రోజులు రాయాలి. రెండింటికి గది లోపల బయటికన్నా రెండు డిగ్రీలకి మించి ఎక్కువుంటే ముందు కిటికీలు తెరిచే ఉన్నాయా చూడాలి, ఆ తరవాతే పైకప్పు మీద అనుమానం. కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరికితే అయిదింటికి చూడాలి, 1,000 పీపీఎం లోపుంటే బాగున్నట్టే, 1,500 దాటితే ఏ కిటికీ మూశారో కనుక్కోవాలి.

నిర్వహణకి ఒక్క కాగితం చాలు, వార్డెన్ గది గోడకి అంటించాలి: శుక్రవారం కూలరు తొట్లు, నెల మొదటి ఆదివారం మెష్ చట్రాలు విప్పి కడగడం, ఫిబ్రవరిలో డాబా, మేలో వాన గొట్టాల జాలీలు, ఆర్నెల్లకోసారి గ్రిల్ తలుపుల గడియలకి నూనె. గడియల పని ఎవరిదో పేరు రాసి పెట్టాలి. ఊడిన కొక్కేలు, బోల్టులు మార్చడానికి ఏటా చిల్లర నిధి వార్డెన్ చేతిలోనే ఉండాలి, ఒక్క కొక్కెం కోసం ఎస్టిమేటు పంపాల్సి వస్తే ఆ కిటికీ ఏడాదంతా మూసే ఉంటుంది.